విజయశ్రీ పచ్చడిబండ

కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా తెలుగువాళ్లలో ఎవరినైనా విజయశ్రీ గురించి అడగండి, ముందు ఆవిడ చేసే అల్లం పచ్చడి గురించి చెబుతారు. నాకు ఒళ్లు మండుతుంది. కాకినాడలో డిగ్రీ కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. భర్త రామమోహన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని డిపెండెంట్ వీసా మీద కాలిఫోర్నియా వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. అలాంటి మనిషికి పచ్చడి ఒక్కటే గుర్తింపా అని నా బాధ. కానీ ఏం చెయ్యను, ఈ కథ నేను చెప్పినా పచ్చడి దగ్గరే మొదలుపెట్టాలి.

2006లో వచ్చేటప్పుడు ఆవిడ వాళ్ల అమ్మ వాడిన చిన్న రాతి రోలు వెంట తెచ్చుకుంది. సూట్‌కేసు బరువు మించిపోతుంటే మనవాళ్లందరూ చేసే పనే తనూ చేసింది. రోలు సూట్‌కేసులో ఉంచి, బండ తీసి చేతిసంచిలో వేసుకుంది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ అతను ఆ బండని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో కొడితే తల పగులుతుందమ్మా" అని పక్కన పెట్టేశాడు. పచ్చడి చేసుకోడానికని ఎంత చెప్పినా వినలేదట. అలా రోలు అమెరికా చేరింది, బండ అక్కడే ఉండిపోయింది.

మాది ఒకే అపార్ట్‌మెంటు, వాళ్లు కింద, నేను పైన. నేను వరంగల్ పిల్లని, ఆఫీసులో టెస్టింగ్ పని చేస్తాను, కోడీ మేకా ఏదైనా తింటాను. ఆవిడ వెల్లుల్లి కూడా ముట్టదు. మా ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో ఇప్పటికీ అర్థం కాదు. ఆ మరుసటి ఏడు వానలు వెలిశాక రెండిళ్లవాళ్లం కలిసి శాంటాక్రూజ్ వైపు బీచ్‌కి వెళ్లాం. అక్కడ ఒడ్డు వెంబడి నిలువుగా మట్టిరంగు కొండచరియలు ఉంటాయి. ప్రతి వానాకాలం ఎంతో కొంత విరిగి ఇసుకలో పడుతుంటాయి. వాటి కింద నడుస్తూ విజయశ్రీ ఒక రాయి ఏరింది. నల్లగా, పిడికిట్లో ఇమిడేంత ఉంది. రెండు చివర్లా చదును, నడుము దగ్గర కాస్త సన్నం, ఒంటినిండా సూదిమొన దూరేంత చిల్లులు.

"చూడవే ఉమా, దేవుడే పంపినట్టున్నాడు. మా అమ్మ బండ కంటే బాగా పట్టు దొరుకుతోంది" అంది.

ఇంటికి తెచ్చి కడిగి, పసుపు రాసి, గరుకు పోయేదాకా బియ్యం నూరి పారబోసింది. ఆ తర్వాత ఆ రోట్లో ఆ బండతో నూరిన అల్లం పచ్చడి తిన్నవాళ్లెవరూ మళ్లీ మిక్సీ పచ్చడి మెచ్చుకోలేదు. చిల్లుల వల్ల నువ్వులు జారకుండా నలిగేవి. అదీ రహస్యం.

ఆ పచ్చడి వల్లే ఆవిడకి ఒక చోటు దొరికింది. మా వైపు తద్దినాలకి మడితో వంట చేసేవాళ్లు కరువు. ఉద్యోగాలు, డే కేర్లు, ఎవరికి కుదురుతుంది? ఎవరింట్లో తద్దినం వచ్చినా విజయశ్రీకి ఫోన్ వచ్చేది. తెల్లవారి లేచి తలస్నానం చేసి, ముందురోజు బాత్‌టబ్ కడ్డీ మీద విడిగా ఆరేసిన చీర కట్టుకుని, నువ్వులు, అల్లం తన రోట్లో నూరి, గారెలు, పరవాన్నం అన్నీ వండి పెట్టేది. ఒక్క డాలర్ పుచ్చుకునేది కాదు. "నేను కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు కూడా జనం నా మాట ఇంత శ్రద్ధగా వినలేదే" అని ఒకసారి నాతో అంది. ఆ పని లేకపోతే ఆవిడ ఈ దేశంలో రామమోహన్ భార్య, దేదీప్య తల్లి, అంతే. ఆ మాట ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

అందరికంటే ఎక్కువ నమ్మకం పరంధామయ్య గారిది. ఆయన కొడుకు జగన్మోహన్ దగ్గర మా వీధి చివరే ఉంటారు. డెబ్బై దాటిన మనిషి, ఆచారంలో గట్టివారు. భార్య ఇక్కడికి వచ్చాకే పోయారు. కొడుకు పెట్టాల్సినదే అయినా ఏటా ఆవిడ తద్దినం ఆయనే పెడతారు, దానికి విజయశ్రీ తప్ప మరొకరు వంటింట్లో అడుగుపెట్టడానికి లేదు.

2013 వసంతంలో దేదీప్య స్కూలువాళ్లు పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లారు. తోడుగా కొందరు తల్లులు వెళ్లాలి కదా, ఉద్యోగం లేనిది విజయశ్రీ ఒక్కతే కాబట్టి ఎప్పుడూ ఆవిడ వంతే. అక్కడ ఒక గైడు పిల్లల్ని కొండచరియ దగ్గర నిలబెట్టి, రాతిలో గోధుమరంగు చక్రాల్లాంటివి చూపించిందట. ఇవి లక్షల లక్షల ఏళ్ల కిందట ఇక్కడి సముద్రంలో తిరిగిన తిమింగలాల వెన్నెముకలు, అడుగున బురదలో కూరుకుపోయి రాళ్లయ్యాయి, నేల పైకి లేచి కొండయింది అని చెప్పింది. పిల్లలు నోళ్లు తెరిచారు. విజయశ్రీ మాత్రం ఆ చక్రాల వంక చూసి కొయ్యబారిపోయింది. అదే సన్నటి నడుము, అవే చిల్లులు.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతిలో తువ్వాలు చుట్టిన మూట.

"ఏమైందే? గట్ల తెల్లబోయినవేంది?"

"ఉమా, ఇది రాయి కాదే."

"మరేంది?"

"ఎముక."

తువ్వాలు విప్పి చూపించింది. రోజూ చూసే పచ్చడిబండే. నాకు ఆపుకోలేని నవ్వొచ్చింది. మా ఈస్ట్ బే ప్రాంతం మొత్తం మీద ఉల్లిపాయ కూడా ముట్టని పెద్దమనుషులంతా ఇన్నేళ్లుగా తిమింగలం ఎముకతో నూరిన పచ్చడి లొట్టలేసుకుంటూ తిన్నారంటే నవ్వు రాదా? ఆవిడ నవ్వలేదు. సోఫాలో కూలబడి, "ఇంకో రెండు వారాల్లో పరంధామయ్య గారింట్లో తద్దినం" అంది. అప్పుడు నా నవ్వు ఆగింది.

"అమ్మా, వేల్ ఫిష్ కాదు" అంది వెనకాలే వచ్చిన దేదీప్య, తల్లిని ఓదారుద్దామని. "మ్యామల్. బేబీకి పాలు ఇస్తుంది. ఆవు లాగా."

విజయశ్రీ మొహం ఇంకా పాలిపోయింది.

నేను టెస్టింగ్ చేసేదాన్ని, తేల్చుకోనిదే నిద్ర పట్టదు. శనివారం ఇద్దరం తీరంలో ఉన్న ఒక చిన్న మ్యూజియానికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. అక్కడ దొరికిన రాళ్లూ గవ్వలూ చూసి చెప్పే పెద్దావిడ ఒకరున్నారు. తెల్ల జుట్టు, మెడలో భూతద్దం. బండని వెలుతురులో తిప్పింది, గోటితో గీకింది, తర్వాత మేం చూస్తుండగానే నాలుక చాపి దానికి ఆనించింది. ఎముకైతే నాలుకకి అంటుకుంటుందట, అదొక పరీక్షట.

"అయ్యో, ఎంగిలి!" అని విజయశ్రీ లేచి నిలబడింది.

పెద్దావిడ చప్పరించి, "కారంగా ఉందేమిటి?" అని అడిగింది.

అల్లం, మిరియాలు అని నేను చెప్పాల్సొచ్చింది. దేనికి వాడుతున్నామో చెప్పాక ఆవిడ తల ఎత్తకుండా బండని మళ్లీ భూతద్దంతో చూసింది. కోపమో, నవ్వో, జాలో మాకు అంతుపట్టలేదు. ఆఖరికి చెప్పింది. ఇది చిన్న తిమింగలానిదో, డాల్ఫిన్ లాంటి జంతువుదో వెన్నుపూస. ఏ జాతో చెప్పలేను. కొన్ని మిలియన్ల ఏళ్ల నాటిది.

"ఇప్పుడు ఇది ఎముకా, రాయా?" అని అడిగింది విజయశ్రీ.

"రెండూ."

"రెండూ ఎలా అవుతుంది? ఒకటి చెప్పండి."

చిల్లుల్లో సముద్రపు ఖనిజాలు చేరి గట్టిపడ్డాయి, అది రాయి. చిల్లుల చుట్టూ ఉన్న గోడలు చాలా మారాయి, కానీ ఎముకలోదే కొంత మిగిలి ఉంది. అలా వివరించింది పెద్దావిడ. ఎంత శాతం మిగిలింది అని అడిగింది మన లెక్కల టీచరు. తెలియదంది ఆవిడ. సగం కంటే ఎక్కువా, తక్కువా? తెలియదంది. విజయశ్రీ నా వైపు తిరిగి తెలుగులో, "ఇన్ని చదువులు చదివి అవునో కాదో చెప్పలేకపోతే ఎలాగే?" అని విసుక్కుంది. వచ్చేముందు పెద్దావిడ ఇంకో ముక్క చెప్పింది. అక్కడి బీచ్‌లో ఇలాంటివి ఏరుకోకూడదు, మీకు తెలియక చేశారు, ఇక్కడ ఇచ్చేస్తే మంచిది అని. నెలాఖరులోగా తెచ్చి ఇస్తానని విజయశ్రీ మాట ఇచ్చింది. ఇచ్చింది కూడా, అది వేరే సంగతి.

ఏరుకోకూడదు అన్న మాట రామమోహన్ చెవిన పడటంతో ఇంట్లో ఇంకో గొడవ.

"గ్రీన్ కార్డ్ ఫైల్ ఇప్పుడిప్పుడే కదులుతోంది. ఇది స్టేట్ కేసా, ఫెడరల్ కేసా? లాయర్‌ని అడగాలా? వద్దు, అడిగితే రికార్డ్ అవుతుంది. నువ్వు దాన్ని డంప్‌స్టర్‌లో పడెయ్."

"ఎముకని చెత్తలో పడేస్తామాండీ?"

"మరి రాయి అనుకుని పడెయ్!"

"రాయే అయితే పడెయ్యడం దేనికి? శుభ్రంగా పచ్చడి నూరుకోవచ్చుగా?"

రామమోహన్ లాప్‌టాప్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్లిపోయాడు.

పురోహితుడు శాస్త్రిగారికి ఫోన్ చేసింది. ఆయన వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు పౌరోహిత్యం. రెండు మీటింగుల మధ్య దొరికారు. "శంఖం కూడా ప్రాణి ఒంటిదేగా అండీ, పూజలో పెట్టుకోవట్లేదూ?" అన్నారు. విజయశ్రీ ప్రాణం లేచొచ్చింది. వెంటనే, "అలాగని శంఖంతో పచ్చడి నూరం కదండీ" అని కూడా ఆయనే అన్నారు. ఇండియాలో మా గురువుగారిని అడిగి చెబుతానన్నారు. మర్నాడు గురువుగారి మాట వచ్చింది. కాలం గడిస్తే అన్నీ శుద్ధి అవుతాయి, అయినా ఇకమీదట వాడకపోవడం మంచిది. మరి ఇంతవరకూ వాడినదాని సంగతి? అది నేను అడగలేదండీ అన్నారు శాస్త్రిగారు.

విజయశ్రీ తిండి మానేసింది. మాంసం ముట్టనని చిన్నప్పుడు నాయనమ్మకి ఇచ్చిన మాట తప్పానా లేదా అని ఒక దిగులు. ఇంతమంది పితృదేవతలకి నేను పెట్టింది చేరిందా లేదా అని దానికి మించిన దిగులు. నాకైతే దేవతల గొడవ పట్టలేదు గానీ, మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"ఎవ్వలికీ చెప్పకు. కొత్త బండ తెప్పిస్తా, గంతే" అన్నాను.

"చెప్పకుండా ఆ ఇంటి పొయ్యి ఎలా వెలిగించనే?"

"చెప్తే మళ్ల పిలుస్తరా నిన్ను? ఒక్కరన్న పిలుస్తరా?"

"పిలవరు" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేచి చెప్పులు వేసుకుంది.

నేనూ వెంట వెళ్లాను. పరంధామయ్య గారు ఇంటి వెనక కుర్చీలో ఎండకి కూర్చుని ఉన్నారు. విజయశ్రీ నిలబడే అంతా చెప్పింది, బీచ్ దగ్గర్నుంచి గురువుగారి దాకా, ఏదీ దాచకుండా. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడారు.

"ఇన్నేళ్లూనా?"

"ఇన్నేళ్లూ, బాబాయిగారూ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు. "సరేనమ్మా, ఇంటికెళ్లు" అన్నారు. వద్దన్నారా, చూద్దాం అన్నారా, ఏమీ తెలియలేదు. ఆ తర్వాత వారమంతా ఫోన్ లేదు. విజయశ్రీ సెల్ ఫోన్ బాత్‌రూమ్‌లోకి కూడా పట్టుకెళ్లేది.

తద్దినానికి ముందురోజు మధ్యాహ్నం జగన్మోహన్ ఫోన్ చేశాడు. "నాన్నగారు రేపు రమ్మంటున్నారండీ. ఆ రాయి కూడా తీసుకురమ్మన్నారు." ఎందుకని అడిగితే తనకీ చెప్పలేదన్నాడు.

వంటకి రమ్మన్నారా, నలుగురిలో నిలదీయడానికా? విజయశ్రీ ఆలోచించి ఆలోచించి మడిచీర ఒక సంచిలో, బండ ఇంకో సంచిలో పెట్టుకుంది. నేను ఆఫీసుకి సెలవు పెట్టి కారు తీశాను. వీధి చివరికి కారెందుకంటారా, బండ ఉన్న సంచి చేత్తో పట్టుకుని వీధిలో నడవనంది ఆవిడ. అది కారు డిక్కీలోనే ఉండిపోయింది.

పరంధామయ్య గారు గుమ్మంలోనే ఉన్నారు. "కానివ్వమ్మా" అన్నారు, అంతే. ఆవిడ స్నానం చేసి, చీర మార్చుకుని వంటింట్లోకి వెళ్లింది. గారెలు, పరవాన్నం, కూరలు అన్నీ చేసింది. పచ్చడి జోలికి పోలేదు. మిక్సీ ఎదురుగానే ఉంది, దాని మీదా చెయ్యి వెయ్యలేదు. భోక్తలుగా కూర్చున్న ఇద్దరూ ఆకులో పచ్చడి ఉండాల్సిన మూల వైపు చూసి, పక్కనున్న గారె అందుకున్నారు.

వాళ్ల భోజనాలయ్యాయి. ఆకుల పక్కన నేల మీద దర్భలు పరిచి, వాటి మీద కొంచెం అన్నం చల్లమని శాస్త్రిగారు చెప్పారు. ఇది ఎవరికి అని నేను నెమ్మదిగా జగన్మోహన్‌ని అడిగితే శాస్త్రిగారే విని చెప్పారు. "దహన సంస్కారాలు జరక్కుండా పోయినవాళ్లకమ్మా. వెనక ఎవరూ లేనివాళ్లకి. వాళ్లకీ ఒక ముద్ద."

అన్నం పట్టుకున్న పరంధామయ్య గారి చెయ్యి ఆగిపోయింది.

"విజయశ్రీ, ఆ రాయి ఎక్కడమ్మా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ నా వైపు చూసింది. నేను పరుగెత్తుకెళ్లి డిక్కీలోంచి సంచి తెచ్చాను. కోడి తినే మనిషిని, ఆ గదిలోకి వెళ్లొచ్చో లేదో తెలియక గుమ్మం అవతలే నిలబడ్డాను. ఆయనే లేచి వచ్చి సంచిలో చెయ్యి పెట్టారు.

"మడిలో ఉన్నారండీ!" అన్నారు శాస్త్రిగారు కంగారుగా. "ఎముకని ముట్టుకుంటే..."

"మా ఆవిడ అస్థికలు ఈ చేతుల్తోనే సముద్రంలో కలిపాను శాస్త్రిగారూ. ఇది దొరికిన ఆ బీచ్‌లోనే." ఆయన దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. "వారమంతా ఆలోచించాను. ఇది తప్పో ఒప్పో నాకేమీ తెలీలేదు. ఆవిడ ఎముకలున్న నీళ్లలోంచే ఇదీ వచ్చింది. దీనికి ఎవరూ ఏమీ చెయ్యలేదుగా. దీనికి మంత్రం ఉందా?"

శాస్త్రిగారు పుస్తకం వైపు చూశారు, మమ్మల్ని చూశారు. "తెలీదండీ" అన్నారు. ఆ రెండు వారాల్లో నేను విన్న జవాబుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

పరంధామయ్య గారు బండని దర్భల పక్కన పెట్టి, అన్నం చల్లి, నీళ్లు వదిలారు. విజయశ్రీ గుమ్మానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తిమింగలానికి ఏడ్చానో, ఆవిడకి ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

అందరూ తిన్నాక, వెళ్లబోయేముందు ఆవిడ ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది. లెక్క తేలనిదే కదలని మనిషి కదా.

"బాబాయిగారూ, ఒక్కటి చెప్పండి. ఇన్నేళ్లూ నేను వండినది పిన్నిగారికి చేరినట్టా, చేరనట్టా?"

ఆయన దర్భల పక్కనున్న బండని తీసి ఆవిడ సంచిలో పెట్టారు.

"నాకు తెలీదమ్మా. ఆవిడ వంట మాత్రం నీ చేతి మీదుగానే మళ్లీ తిన్నాను. వచ్చే ఏడూ నువ్వే రావాలి. పచ్చడి దేంతో నూరాలో మాత్రం నన్నడక్కు, అదీ నాకు తెలీదు."